గాలిలో తిప్పిన కత్తి

2007 నవంబర్‌లో అమెరికా మార్కెట్‌లోకి 'సోల్‌కాలిబర్ లెజెండ్స్' అనే వీడియో గేమ్ వచ్చింది. ఇంతకంటే కుదిరిన జోడీ ఇంకోటి ఉండదని అప్పట్లో చాలామందికి అనిపించింది. ఒకపక్క కత్తియుద్ధాలకే పేరుపడ్డ సోల్‌కాలిబర్ ఆటల పరంపర. మరోపక్క, రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే తెరమీద ఆట నడిచే నింటెండో వారి 'వీ' కన్సోల్. అన్నేళ్లూ బొటనవేళ్లతో బటన్లు నొక్కుతూ కత్తి తిప్పినవాళ్లు ఇక సోఫాలోంచి లేచి నిలబడి, నిజంగానే చెయ్యి విసిరి శత్రువును నరకొచ్చు.

తీరా ఆట చేతికొచ్చాక సమీక్షకులు పెదవి విరిచారు. రకరకాల పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్‌లో దానికి 100కి దక్కింది 50 దరిదాపుల్లోనే. 1999లో డ్రీమ్‌క్యాస్ట్ కన్సోల్ మీద వచ్చిన 'సోల్‌కాలిబర్'కు అదే చోట 98 మార్కులున్నాయి. తయారుచేసింది అదే నామ్కో సంస్థ. ఆ పాత్రలే, ఆ ఆయుధాలే. ఇద్దరి మధ్య పోరు గుంపుల మీద పోరైంది, బటన్ పోయి చేతి ఊపు వచ్చింది.

ఈ రెండు మార్పులూ కలిసి ఒక మంచి ఆలోచనను ఎలా నీరుగార్చాయన్నది లెజెండ్స్ ఒక్కదాని కథ కాదు. తెరమీది కత్తిని ఆటగాడి చేతికే ఇవ్వాలని గేముల పరిశ్రమ ఏళ్ల తరబడి పడిన తాపత్రయంలో అదొక అధ్యాయం.

ఒక్కడు వందమందిని నరికే ఆట

'హాక్ అండ్ స్లాష్' అనే తరహా ఆటలు తెలియనివాళ్లు 'మగధీర' సినిమాను గుర్తుతెచ్చుకుంటే సరిపోతుంది. షేర్ ఖాన్ పంపిన వందమందినీ కాలభైరవ ఒక్కడే నరికేసే ఘట్టాన్ని పది, పదిహేను గంటల ఆటగా సాగదీస్తే వచ్చేదే ఈ తరహా. గదిలోకి అడుగుపెట్టగానే శత్రువులు మూగుతారు. అందర్నీ మట్టుపెడితే తలుపు తెరుచుకుంటుంది. అవతలి గదిలో ఇంకో గుంపు. 2000లో వచ్చిన 'డైనాస్టీ వారియర్స్ 2', 2001లో వచ్చిన 'డెవిల్ మే క్రై', 2005లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' ఈ తరహాను ఇంటింటికీ చేర్చాయి.

చేసిందే చేస్తున్నా ఇవి విసుగు పుట్టించకపోవడానికి కారణం స్పందనలోని వేగం. ఆట సెకనుకు 60 చట్రాల (ఫ్రేమ్‌ల) వేగంతో నడుస్తుంటే ఒక్కో చట్రం తెరమీద నిలిచేది సెకనులో 60వ వంతు. బటన్ నొక్కిన మరికొన్ని చట్రాల్లోనే కత్తి కదలాలి. తేలికపాటి దెబ్బకు ఒక బటన్, బరువైన దెబ్బకు ఇంకో బటన్. వాటిని వరుస మార్చి నొక్కితే దెబ్బల గొలుసు మారుతుంది. మధ్యలో ప్రమాదం కనబడితే దెబ్బను అక్కడికక్కడే ఆపి పక్కకు దొర్లొచ్చు. చేతులు తిరిగిన ఆటగాడు ఈ లయను వేళ్లలోనే దాచుకుంటాడు.

సోల్‌కాలిబర్ మాత్రం మొదట్లో ఈ కోవలోది కాదు. 1990ల మధ్యలో 'సోల్ ఎడ్జ్' పేరుతో ఆర్కేడ్లలో మొదలైన ఈ పరంపర ఇద్దరి మధ్య జరిగే పోరాటం. జర్మన్ యోధుడు సీగ్‌ఫ్రీడ్ చేతిలో మనిషెత్తు ఖడ్గం ఉంటుంది. జపాన్ సమురాయ్ మిత్సురుగి దగ్గర కటానా, ఐవీ దగ్గర కొరడాలా విచ్చుకునే కత్తి. ప్రతి ఆయుధానికీ దాని సొంత పొడవు, బరువు, వేగం.

దీని బటన్ల అమరిక కూడా ప్రత్యేకమే. ఒక బటన్ అడ్డకోతకు, ఇంకొకటి నిలువుకోతకు, మూడోది తన్నుకు, నాలుగోది కాచుకోవడానికి. అడ్డకోతకూ నిలువుకోతకూ తేడా చూపు కోసం పెట్టింది కాదు. నిలువుకోత వేస్తే అవతలివాడు పక్కకు అడుగేసి తప్పించుకుంటాడు. పక్కకు అడుగేస్తున్నవాణ్ని పట్టేది అడ్డకోత. ఆ అడ్డకోత తల ఎత్తున వస్తే కిందికి వంగి తప్పించుకోవచ్చు. ఈ ఎత్తులూ పైఎత్తుల మీదే మొత్తం ఆట నిలబడింది.

ఇది తెలిసినవాళ్లకు వీ రిమోట్ వరంలా కనిపించడంలో వింత లేదు. అడ్డంగా ఊపితే అడ్డకోత, నిలువుగా ఊపితే నిలువుకోత, ముందుకు పొడిస్తే పోటు. పైగా నింటెండో అభిమానులకు ఈ పరంపర కొత్త కాదు. 'సోల్‌కాలిబర్ 2' గేమ్‌క్యూబ్ కన్సోల్‌కు వచ్చినప్పుడు జెల్డా ఆటల కథానాయకుడు లింక్ అందులో అతిథి పాత్రగా కత్తి పట్టాడు.

గదిలో జాతర

2005 సెప్టెంబర్‌లో టోక్యో గేమ్ షోలో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా ఈ రిమోట్‌ను తొలిసారి బయటపెట్టారు. అప్పుడు వేసిన వీడియోలో ఆటల దృశ్యాలు లేవు. రిమోట్ పట్టుకుని చేతులాడిస్తున్న మనుషులే కనిపించారు. తెరమీద ఏముందో చూసేవాళ్ల ఊహకే వదిలేశారు. ఆ ఊహల్లో ఎక్కువమందికి మెదిలింది కత్తి, లేదా స్టార్ వార్స్ సినిమాల్లోని కాంతిఖడ్గం.

2006 నవంబర్ 19న అమెరికాలో వీ విడుదలైంది. పెట్టెతోపాటే వచ్చిన 'వీ స్పోర్ట్స్' ఆటతో, వీడియో గేమ్ అంటే తెలియని తాతలు, అమ్మమ్మలు కూడా నట్టింట్లో టెన్నిస్, బౌలింగ్ మొదలుపెట్టారు. ఊపులో రిమోట్లు చేతులు జారి టీవీలకు, గోడలకు తగిలాయి. డిసెంబర్‌లో నింటెండో 32 లక్షల మణికట్టు తాళ్లకు బదులుగా కొత్తవి ఇస్తామని ప్రకటించి, తాడు మందాన్ని 0.6 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకు పెంచింది. అయినా జోరు తగ్గలేదు. మొత్తంమీద 10 కోట్లకు పైగా వీ కన్సోల్‌లు అమ్ముడయ్యాయి.

దాంతో కంపెనీలన్నీ ఈ తోవలోకి దూకాయి. కన్సోల్‌తోపాటే వచ్చిన యూబీసాఫ్ట్ వారి 'రెడ్ స్టీల్'లో కథానాయకుడు ఒక చేత్తో తుపాకీ, అవసరమైనప్పుడు కటానా పడతాడు. విడుదలకు ముందు పత్రికల్లో చదివినవాళ్లు తమ మణికట్టు ఎలా తిరిగితే కత్తి అలాగే తిరుగుతుందని నమ్మారు. చేతికొచ్చాక తెలిసింది, ఊపు ఏ దిక్కుకో ఆట అంచనా వేసుకుని, ముందే తయారుచేసి పెట్టుకున్న ఒక కత్తివేటును తెరమీద నడిపిస్తోందని. 2007లో 'డ్రాగన్ క్వెస్ట్ స్వోర్డ్స్', 'సమురాయ్ వారియర్స్: కటానా' కూడా కత్తినే నమ్ముకుని వచ్చాయి. ఆ వరసలోనే లెజెండ్స్ చేరింది.

సీగ్‌ఫ్రీడ్ దండయాత్ర

లెజెండ్స్ కథ పరంపరలోని తొలి రెండు ఆటల మధ్యకాలంలో జరుగుతుంది. దుష్టఖడ్గం 'సోల్ ఎడ్జ్' ముక్కల కోసం పవిత్ర రోమన్ సామ్రాజ్యం తరఫున సీగ్‌ఫ్రీడ్ దేశాలు పట్టుకు తిరుగుతాడు. దారిలో ఐవీ, మిత్సురుగి, తాకి, సోఫిటియా, ఆస్టరాత్ తారసపడతారు. నామ్కో వారిదే అయిన 'టేల్స్ ఆఫ్ సింఫోనియా' నుంచి జంట కత్తుల లాయిడ్ అతిథిగా వచ్చాడు. పాత ఆటలు ఆడినవాళ్లకు ముచ్చటగొలిపే బలగమే.

ఆట మొదలయ్యాక ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవదు. ఎడమచేతిలోని 'నన్‌చక్' అనే చిన్న పరికరంతో నడక, కుడిచేతి రిమోట్‌తో కత్తి. ఒక గది, ఓ గుంపు, తలుపు. ఇంకో గది, ఇంకో గుంపు, ఇంకో తలుపు. గోడల రంగు మారుతుంది గాని చేసే పని మారదు. దశలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని, ఊపు ఒకటైతే వేటు ఇంకొకటి పడుతోందని, బొమ్మలు పాతతరం కన్సోల్ స్థాయిలో ఉన్నాయని సమీక్షకులు రాశారు.

ఇంకో ఇబ్బంది పరికరంలోనే ఉంది. మామూలు కంట్రోలర్‌కు రెండు స్టిక్కులుంటాయి. ఒకటి పాత్రను నడపడానికి, రెండోది కెమెరాను తిప్పి చుట్టూ చూడడానికి. వీకి ఉన్నది నన్‌చక్ మీది ఒక్క స్టిక్కే. నాలుగు వైపుల నుంచీ శత్రువులు మూగే ఆటలో, వీపు వెనక ఎవడున్నాడో స్వేచ్ఛగా తిరిగి చూసుకునే వీలు లేదు.

రిమోట్ కడుపులో ఏముంది?

ఊపు ఒకటైతే వేటు ఇంకొకటి ఎందుకు పడుతుంది? జవాబు కోసం రిమోట్ లోపలికి చూడాలి.

అందులో రెండు ఇంద్రియాలున్నాయి. మొదటిది త్వరణమాపకం, అంటే యాక్సెలరోమీటర్. వేగం ఎంత చురుగ్గా మారుతోందో మూడు దిక్కుల్లోనూ కొలిచే చిన్న చిప్ అది. అనలాగ్ డివైసెస్ సంస్థ తయారుచేసిన ఈ చిప్ గురుత్వాకర్షణకు 3 రెట్ల వరకు కొలిచేలా రూపొందింది. రెండోది రిమోట్ ముక్కు దగ్గరుండే పరారుణ కెమెరా. టీవీ మీద పెట్టే 'సెన్సర్ బార్' పేరుకే సెన్సర్. అది గ్రహించేది ఏమీ లేదు. రెండు కొసల్లో కంటికి కనబడని పరారుణ దీపాలు వెలుగుతుంటాయి, అంతే. వాటిని చూసి రిమోట్ తాను తెరమీద ఎటు గురిపెట్టిందో లెక్కకడుతుంది. ఆ బార్ తీసేసి రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా పనిచేస్తుందని ఆటగాళ్లు సరదాగా చేసి చూపించారు.

గురిపెట్టే ఆటలకు ఈ కెమెరా బ్రహ్మాండంగా పనికొచ్చింది. కత్తికి మాత్రం కొరగాలేదు. చెయ్యి విసిరిన మరుక్షణం రిమోట్ ముక్కు గోడ వైపో, కప్పు వైపో తిరుగుతుంది. దీపాలు కెమెరా చూపులోంచి తప్పుకుంటాయి. ఇక మిగిలింది త్వరణమాపకం.

దానికీ ఒక గుడ్డితనం ఉంది. భూమి లాగుడునూ చేతి విసురునూ అది విడదీసి చెప్పలేదు. రిమోట్‌ను నెమ్మదిగా పక్కకు వంచినా, వంచకుండా పక్కకు విసిరినా కొలతల్లో మార్పే కనిపిస్తుంది. ఏది ఏదో ఆట రాసినవాళ్లే ఊహించుకోవాలి. కొలతలోంచి వేగాన్ని, వేగంలోంచి చేతి స్థానాన్ని లెక్కకడదామంటే చిన్న చిన్న తప్పులు పేరుకుపోయి, క్షణాల్లోనే లెక్క ఎక్కడికో కొట్టుకుపోతుంది. ఉత్సాహంగా గట్టిగా విసిరితే 3 రెట్ల హద్దు దాటి కొలత అక్కడే ఆగిపోతుంది. అంతకంటే గట్టిగా విసిరినా చిప్‌కు అంతా ఒకటే.

అందుకే నిర్మాతలు దగ్గరదారి తొక్కారు. చెయ్యి ఎక్కడుందో పట్టించుకోవడం మానేసి, ఈ ఊపు అడ్డమా, నిలువా, పోటా అని మాత్రం తేల్చుకుంటారు. తేలగానే దానికి సరిపడ్డ కత్తివేటు తెరమీద నడుస్తుంది. అంటే ఆటగాడి చెయ్యి కత్తి కాదు, కొంచెం పెద్ద సైజు బటన్. ఆ బటన్ కూడా నెమ్మదైనది. ఊపు కొంత సాగితేగాని అది ఏ రకమో తేలదు. వేలికొసతో నొక్కే బటన్‌కు ఇలాంటి నిరీక్షణ లేదు.

తిరుగుచెయ్యి సమస్య ఇంకోటి. కుడి నుంచి ఎడమకు కత్తి విసిరినవాడు మరో వేటు కోసం చేతిని మళ్లీ కుడివైపుకు తెచ్చుకోవాలి. చిప్‌కు అది కూడా ఊపే. దాన్ని ఇంకో వేటుగా లెక్కిస్తే ఆటగాడు అడగని దెబ్బ పడుతుంది. లెక్కించకుండా వదిలేస్తే, నిజంగానే ఎడమ నుంచి కుడికి కొట్టాలనుకున్నవాడి దెబ్బ గాలిలో కలిసిపోతుంది. రిమోట్‌తో కత్తి తిప్పించిన ప్రతి ఆటా ఈ చిక్కుముడితో తంటాలు పడింది.

ఇక చెయ్యి సంగతి. 2007లోనే ఓ యువ వైద్యుడు వీ టెన్నిస్ గంటల తరబడి ఆడి, భుజం దగ్గరి స్నాయువు (టెండన్) వాచి, తన బాధనే ఒక కేసుగా 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'కు రాశాడు. టెన్నిస్‌లో బంతి అవతలికి వెళ్లి వచ్చేదాకా విరామం దొరుకుతుంది. గుంపుల్ని నరికే ఆటలో అదీ ఉండదు. ఒక గదికి పదుల వేట్లు, ఒక దశకు వందల వేట్లు. పావుగంట గడిచేసరికి పెద్ద పెద్ద విసుర్లు ఆగిపోతాయి, ఆటగాడు సోఫాలోకి చేరతాడు, మణికట్టును చిన్నగా టకటకా ఆడిస్తే కూడా శత్రువులు చస్తున్నారని కనిపెడతాడు. ఆటగాళ్ల పరిభాషలో దీన్ని 'వాగుల్' అంటారు.

దిక్కుకు విలువ లేని చోట

అయితే తప్పంతా చిప్ మీదకు నెట్టేయడానికి లేదు. సరిగ్గా ఆ చలికాలమే, అదే రిమోట్ మీద ఇంకో కత్తి ఆట వచ్చి మన్నన పొందింది. జపాన్ దర్శకుడు గోయిచి సుదా తీసిన 'నో మోర్ హీరోస్' 2007 డిసెంబర్‌లో జపాన్‌లో, 2008 జనవరిలో అమెరికాలో విడుదలైంది. అందులోనూ కథానాయకుడు ట్రావిస్ టచ్‌డౌన్ కాంతికత్తితో గుంపులు గుంపులుగా జనాన్ని నరుకుతాడు. కానీ మామూలు వేట్లన్నీ బటన్‌తోనే. రిమోట్‌ను పైకెత్తి పట్టుకుంటే పైదెబ్బ, దించి పట్టుకుంటే కిందిదెబ్బ. శత్రువు చావుకు దగ్గరపడ్డాక తెరమీద ఒక బాణం గుర్తు వెలుగుతుంది. ఆ దిక్కుకు చేతిని ఒక్కసారి విసరాలి. ఆఖరి వేటు ఒక్కటే ఆటగాడి చేతిది.

సుదా బృందం చిప్‌కు ఉన్న తెలివిని సరిగ్గా బేరీజు వేసింది. ఏ దిక్కుకు ఊపాలో ఆటే ముందు చెబుతోంది కాబట్టి రిమోట్ తికమకపడే అవకాశం తక్కువ. వంద దెబ్బలకు వంద ఊపులు అక్కర్లేదు కాబట్టి చెయ్యి అలిసిపోదు. అరుదుగా వచ్చేది కాబట్టి ఊపిన ప్రతిసారీ మజా ఉంటుంది. కాంతికత్తి బ్యాటరీ అయిపోతే రిమోట్‌ను గబగబా ఊపి ఛార్జి చేసుకోవాలి. ఆటగాళ్లు వెక్కిరించే 'వాగుల్'నే అలా హాస్యంగా మార్చేశారు.

లెజెండ్స్‌లో జరిగింది దీనికి తారుమారు. మాతృకలో అడ్డకోతకూ నిలువుకోతకూ ప్రాణం పోసింది ఎదురుగా ఆలోచించే ప్రత్యర్థి. పక్కకు జరుగుతాడు, వంగుతాడు, కాచుకుంటాడు. ఆ ప్రత్యర్థి స్థానంలో వరుసకట్టి వచ్చే బుద్ధిలేని గుంపును నిలబెట్టాక, ఎటు నరికితేనేం? ఏదో ఒకటి తగిలితే చాలు. చేతిని ఒక కచ్చితమైన దిక్కుకు తిప్పమని ఆట అడుగుతుంది, ఆ దిక్కుకు తగ్గ ఫలితం మాత్రం ఇవ్వదు. సోల్‌కాలిబర్ పరంపరకే ప్రత్యేకమైన గుణం, వీ రిమోట్‌కు అతికినట్టు సరిపోయేలా కనిపించిన గుణం, ఈ మార్పులో జారిపోయింది.

నింటెండో సొంత ఆట 'జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్' ఇంకో రకంగా గట్టెక్కింది. అందులో రిమోట్ ఎలా ఊపినా లింక్ కత్తి విసురుతాడు, దిక్కుల పట్టింపు లేదు. ఆట కూడా ఊపు చుట్టూ తిరగదు. అన్వేషణ, చిక్కుముళ్లు విప్పడం ప్రధానం, కత్తి అప్పుడప్పుడు. ఒక చిన్న విడ్డూరం మాత్రం చెప్పుకోవాలి. లింక్ ఎప్పట్నుంచో ఎడమచేతివాటం వాడు. రిమోట్‌ను ఎక్కువమంది కుడిచేత్తో పడతారు గనుక అతణ్ని కుడిచేతివాటం చేయాల్సొచ్చింది. అందుకోసం వీ ప్రతిలో మొత్తం ప్రపంచాన్నే అద్దంలో ప్రతిబింబంలా తిప్పేశారు. గేమ్‌క్యూబ్ ప్రతిలో తూర్పున ఉన్న ఊరు వీలో పడమరకు వచ్చింది.

చిప్ మారాక

2009లో నింటెండో 'మోషన్ ప్లస్' అనే చిన్న తోకను రిమోట్‌కు తగిలించింది. అందులో భ్రమణాన్ని కొలిచే జైరోస్కోపులున్నాయి. మణికట్టు ఎంత కోణం తిరిగిందో ఇక ఊహించనక్కర్లేదు. దాంతోపాటే వచ్చిన 'వీ స్పోర్ట్స్ రిసార్ట్'లో ఒక కత్తి పోటీ పెట్టారు. ఎత్తైన వేదిక మీద ఇద్దరు, చేతుల్లో మొద్దు కత్తులు, కింద నీళ్లు. ప్రత్యర్థి కత్తి అడ్డంగా పట్టుకుంటే నిలువుకోత ఆగిపోతుంది, నిలువుగా పట్టుకుంటే అడ్డకోత ఆగిపోతుంది. ఆటగాడు కాచుకోవాలన్నా అదే లెక్క. దిక్కుకు విలువొచ్చింది. సోల్‌కాలిబర్ బటన్లతో చేసిన పనే చేతి ఊపుతో జరిగింది.

2010లో యూబీసాఫ్ట్ 'రెడ్ స్టీల్ 2'ను ఈ తోక లేనిదే నడవని ఆటగా తెచ్చింది. మెల్లగా ఊపితే చిన్న దెబ్బ, బలంగా విసిరితే కవచం పగిలే దెబ్బ. ఎవరి చేతి వాటానికి తగ్గట్టు వాళ్లు విసురు స్థాయిని ముందే సరిచేసుకోవచ్చు. సమీక్షకులు మొదటి భాగం కంటే ఎంతో మెరుగన్నారు. కానీ మొదటిసారి దెబ్బతిన్న జనం మళ్లీ నమ్మలేదు, అమ్మకాలు నిరాశపరిచాయి.

మైక్రోసాఫ్ట్ వారి 'కినెక్ట్' అయితే చేతిలోని రిమోట్‌నే తీసేసింది. టీవీ దగ్గరున్న కెమెరా ఆటగాడి ఒళ్లంతా చూస్తుంది. దీని కోసమే జర్మనీకి చెందిన క్రైటెక్ సంస్థ రోమన్ సైనికుడి కథతో కత్తి ఆట ఒకటి మొదలుపెట్టి, 2011లో లాస్ ఏంజలిస్‌లో జరిగిన ఈ3 గేముల ప్రదర్శనలో చూపించింది. గాలిలో చేతులు విసిరితే ఎదుటివాడి గొంతు తెగాలి. మరి నడిచేదెలా? చేతిలో స్టిక్ లేదు, నట్టింట్లో పరిగెత్తే చోటు లేదు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తోపాటు 'రైస్: సన్ ఆఫ్ రోమ్' పేరుతో అది బయటికొచ్చేసరికి కత్తి తిరిగి మామూలు కంట్రోలర్‌లోకి చేరింది. కినెక్ట్‌కు మిగిలింది నోటితో ఇచ్చే ఆజ్ఞలు వినే పని.

ఆగని చెయ్యి

సాంకేతికత ఎంత మెరుగుపడినా ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. తెరమీద కత్తి శత్రువు డాలుకు తగిలి ఆగిపోతుంది. ఆటగాడి చెయ్యి ఆగదు, దాన్ని ఆపేది గదిలో ఏమీ లేదు. చెయ్యి ఎడమవైపుకు వెళ్లిపోయింది, కత్తి మధ్యలో ఆగింది. ఇప్పుడు ఏది నిజం?

అమెరికన్ నవలాకారుడు నీల్ స్టీఫెన్‌సన్ ఈ చిక్కును విప్పాలని పంతం పట్టినవారిలో ఒకరు. యూరప్ సంప్రదాయ కత్తిసామును యథాతథంగా తెరకెక్కించాలని 2012లో 'క్లాంగ్' పేరుతో కిక్‌స్టార్టర్‌లో ప్రజల నుంచి 5 లక్షల డాలర్లకు పైగా సేకరించారు. నమూనా తయారైంది గాని ఆడి ఆనందించే ఆటగా అది తేలలేదు. డబ్బు అయిపోయాక 2014లో ప్రాజెక్టును ఆపేస్తున్నట్టు ఆయన ప్రకటించారు.

ఈ చిక్కును తెలివిగా పక్కకు నెట్టింది 2018లో ప్రాగ్ నగరం నుంచి వచ్చిన 'బీట్ సేబర్'. వర్చువల్ రియాలిటీ కళ్లజోడు పెట్టుకున్న ఆటగాడి వైపు పాట లయకు తగ్గట్టు రంగు రంగుల దిమ్మెలు దూసుకొస్తాయి. ఒక్కోదాని మీద బాణం గుర్తు. ఆ దిక్కుకే కొయ్యాలి. దిమ్మె తెగి రెండు ముక్కలవుతుంది, కత్తి దానిలోంచి సాఫీగా సాగిపోతుంది. ఆగాల్సిన అవసరమే లేదు కాబట్టి చేతికీ కత్తికీ మధ్య తగువే రాదు. ఎదురుదెబ్బ కొట్టే శత్రువూ లేడు. అదే ఏడాది తొలిరూపంలో వచ్చిన 'బ్లేడ్ అండ్ సార్సరీ' ఇంకో దారి పట్టింది. అందులో బరువైన ఆయుధం చేతి కంటే కొంచెం వెనకబడి కదులుతుంది. చెయ్యి ముందు, గొడ్డలి వెనక. ఆ కాస్త ఆలస్యాన్నే మెదడు బరువుగా భావిస్తుంది.

నామ్కో మాత్రం లెజెండ్స్‌కు కొనసాగింపు తీయలేదు. 2008 జూలైలో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకు 'సోల్‌కాలిబర్ 4'ను విడుదల చేసింది. ఎప్పట్లాగే ఇద్దరి మధ్య పోరాటం, ఎప్పట్లాగే బటన్లు. కాంతిఖడ్గాలతో డార్త్ వేడర్, యోడా అతిథులుగా వచ్చారు. 20 లక్షలకు మించి ప్రతులు అమ్ముడయ్యాయి. 2018లో 'సోల్‌కాలిబర్ 6' వచ్చింది. అడ్డకోతకు ఒక బటన్, నిలువుకోతకు ఇంకో బటన్ అనే పాత అమరిక అందులోనూ అలాగే ఉంది.

ఇక ఈ మొత్తం ప్రయత్నంలో పతాకస్థాయి అనదగ్గది 2011లో వీకి వచ్చిన 'జెల్డా: స్కైవార్డ్ స్వోర్డ్'. తయారీలో ఒక దశలో మోషన్ ప్లస్‌ను వదిలేద్దామని కూడా అనుకుని, మళ్లీ మనసు మార్చుకుని పూర్తిచేశారు. అందులో బోకోబ్లిన్ అనే మామూలు సైనికుడు కూడా ఆటగాడి కత్తి ఎటుందో గమనించి అటే తన కత్తిని అడ్డుపెడతాడు. వాడు కాచుకోని వైపు నుంచి కొడితేనే దెబ్బ తగులుతుంది. సమీక్షకులు మెచ్చారు. ఆటగాళ్లు మాత్రం రెండుగా చీలిపోయారు. ఆట అద్భుతమన్నవాళ్లు ఎందరో, మాటిమాటికీ రిమోట్‌ను సరిచేసుకోలేక విసిగిపోయినవాళ్లూ ఎందరో. 2021 జూలైలో స్విచ్ కన్సోల్ కోసం నింటెండో దాన్ని మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసినప్పుడు రెండు పద్ధతులూ పెట్టింది. ఇష్టమున్నవాళ్లు చెయ్యి విసరొచ్చు. లేనివాళ్లు సోఫాలో కూర్చునే కుడి స్టిక్‌ను ఎటు తోస్తే కోత అటు పడుతుంది. బోకోబ్లిన్ కాపు ఏ పద్ధతిలోనైనా ఒకటే. వాడు కత్తి పట్టుకున్న తీరు చూసి దిక్కు ఎంచుకోవాల్సిందే.